బిగుతు మేజోళ్లు – పరుగు బలము

తెల్లవారుజామున మన పట్టణములలోని ఏ మైదానమునకు బోయినను రెండు తెగల జనము కన్పట్టుదురు. పదునెనిమిది, ఇరువది యేండ్ల ప్రాయమువారు పోలీసు కొలువుల దేహపరీక్షకై 1600 మీటర్ల పరుగు నభ్యసించుచుందురు. వారి ప్రక్కనే నలుబది దాటిన గుమాస్తాలు, బ్యాంకి యుద్యోగులు, వైద్యులు, హైదరాబాదులోనో విశాఖపట్టణముననో జరుగు మారథానును మనసున నిడుకొని మెల్లమెల్లగా చుట్లు తిరుగుచుందురు. ఈ యుభయులకును వయస్సున గాని, ధనమున గాని, ప్రయోజనమున గాని పోలిక లేదు. నేడొక్క విషయమున మాత్రము పోలిక యేర్పడినది. ఇరువురి పిక్కలును నల్లని బిగుతు మేజోళ్లలో దూరియున్నవి. కొందరికి తొడలు, కొందరికి మోచేతులు, మరికొందరికి మెడనుండి నడుమువరకు దేహమంతయు నట్టి బట్టలోనే బిగింపబడియున్నది.

వీనిని కంప్రెషన్ దుస్తులందురు. నైలాను నూలులో సాగెడు స్పాండెక్సు నూలు కలిపి, ఒంటిని పట్టి యుంచునట్లు నేసిన బట్ట యిది. రక్తప్రసారము హెచ్చునని, అలసట తగ్గునని, కండరములు కదలక నిలుచునని, మరునాటి నొప్పు లుండవని అంగళ్లలోని అట్టపెట్టెలపై వ్రాసియుండును. ఈ మాటలలో నెంత నిజమున్నదో విచారింపవలసిన యక్కర మా కీ నడుమ కలిగినది.

మా కార్యాలయమున కెదుట నున్న పఠనాలయమునకు నిత్యము వచ్చు యువకు డొకడు మొన్న మాయొద్దకు వచ్చి, “అయ్యా! ఈ మేజోళ్లు తొడిగినచో పరుగున పది సెకండ్లు తగ్గునని మా శిక్షకులు చెప్పుచున్నారు. జత రెండువేల నాలుగువంద లట. కొనుమందురా?” యని యడిగెను. అతని తల్లి బీడీలు చుట్టి యిల్లు నడపుచున్నదని మే మెరుగుదుము. 2022వ సంవత్సరపు తెలంగాణ కానిస్టేబులు ప్రకటనలో పురుషులకు 1600 మీటర్లకు 7 నిమిషముల 15 సెకండ్లు గడువు నిర్ణయింపబడినది. ఆ గడువులో నూటికి రెండుపాళ్లనగా దాదాపు తొమ్మిది సెకండ్లు. ఆ తొమ్మిది సెకండ్ల కీవలి వాడు ఉద్యోగి, ఆవలి వాడు నిరుద్యోగి. ఇట్టి చోట బట్ట వలన రెండుపాళ్లు వచ్చునని యెవరైన చెప్పినచో, ఏ తల్లి అప్పుచేసి యైనను కొనియీయదు? కావున నిది ధనికుల వేడుక మాత్రమే యని త్రోసివేయదగిన విషయము కాదు.

ముందుగా ఈ బట్ట పుట్టుపూర్వోత్తరములు చూతము. ఇది క్రీడారంగమున పుట్టినది కాదు. రోగుల మంచము చెంత పుట్టినది. అమెరికాలో టొలీడో నగరవాసి యైన కాన్రాడ్ జాబ్స్టు అను నింజనీరు సిరల వ్యాధితో బాధపడుచు, ఈతకొలనులో నిలుచున్నప్పుడు తన కాళ్ల నొప్పి తగ్గుట గమనించెను. నీటిలో లోతుకు బోయినకొలది ఒత్తిడి హెచ్చును. పాదమువద్ద నెక్కువ, పైకి వచ్చినకొలది తక్కువ. అదే క్రమము మేజోటిలో తెచ్చినచో నెట్లుండు నను తలంపుతో 1950 ప్రాంతమున చీలమండ యొద్ద గట్టిగాను, మోకాటివైపు వదులుగాను ఒత్తెడు మేజోళ్లు నిర్మించెను. ఉబ్బిన సిరలు గలవారికిని, సిరల దోషమున కాళ్లు వాచినవారికిని వైద్యులు నేటికిని వీనినే విధించుచున్నారు. ఒత్తిడిని రక్తపుపోటు వలెనే పాదరసపు మిల్లీమీటర్లలో కొలిచి, 18 మొదలు 21 వరకు మొదటి తరగతి యనియు, 23 మొదలు 32 వరకు రెండవ తరగతి యనియు ఐరోపాలో విభజించియున్నారు. మందునకు మోతాదున్నట్లే దీనికిని మోతాదున్నది.

వైద్యమునందు సైతము నిది సర్వరోగనివారిణి కాలేదు. పక్షవాతము వచ్చి మంచము పట్టినవారికి తొడవరకు నిట్టి మేజోళ్లు తొడిగి చూడగా, సిరలలో రక్తము గడ్డకట్టుట తగ్గలేదనియు, పైగా చర్మమునకు పుండ్లు, పొక్కులు హెచ్చెననియు 2009లో ప్రకటింపబడిన యొక పెద్ద పరీక్ష తేల్చినది. ఒకమారు గడ్డకట్టిన పిమ్మట వచ్చు దీర్ఘవ్యాధిని నివారింపజాలవని 2014లో మరియొక పరీక్ష తేల్చినది. డాక్టర్లు చేత పట్టుకొని కొలిచి తొడిగిన బట్టకే యింత యనుమాన మున్నప్పుడు, అంగటి కుర్రవాడు “మీడియమా? లార్జా?” యని యడిగి యిచ్చు బట్ట సంగతి వేరుగ చెప్పనేల?

మేజోడు రోగికి మేలు చేయుట కొక కారణమున్నది. మనుష్యుడు కదలక నిలుచున్నప్పుడు పాదములకు దిగిన రక్తము గుండెకు మరల నెక్కుట కష్టము. పిక్క కండరము బిగిసినప్పుడెల్ల లోపలి సిరలను పిండి రక్తమును పైకి త్రోయును. సిరలలోని కవాటములు దానిని క్రిందికి జారనీయవు. పిక్కను రెండవ గుండె యనుట యిందుచేతనే. నిలుచుండియే రోజంతయు పనిచేయువారికిని, కవాటములు చెడినవారికిని ఈ రెండవ గుండె చాలినంత పనిచేయదు. వారికి మేజోడు చేయూత. కాని పరువెత్తువాని పిక్క నిమిషమునకు డెబ్బది, ఎనుబది మార్లు బిగిసి సడలుచుండును. మోటారు నిండువేగమున తిరుగుచున్న బావికడ నేతము కట్టినచో నీరెంత హెచ్చునో, పరుగున నున్న యారోగ్యవంతుని పిక్కకు మేజోడు కట్టినను రక్తప్రసార మంతయే హెచ్చును. ఈ యొక్క సంగతిని ఏ ప్రకటనపత్రమును చెప్పదు.

ఊహలు చాలును, కొలిచి చూచినవారి మాట విందము. 2015లో అమెరికాలోని ఇండియానా పరిశోధకులు బాగుగా శిక్షణ పొందిన పదునార్గురు దూరపు పరుగువారికి పిక్క తొడుగులు తొడిగి, ఒకే వేగమున పరుగెత్తించి, ప్రాణవాయువు వినియోగమును కొలిచిరి. తొడిగినను, తొడుగకున్నను సగటున భేదము లేదు. ఆ యేడే స్పెయిను దేశపు పరిశోధకులు అనుభవశాలురైన 34 గురు మారథాను పందెగాండ్రను రెండు భాగములుగా జేసి, సగము మందికి బిగుతు మేజోళ్లు, సగము మందికి మామూలు మేజోళ్లు ఇచ్చి పరుగెత్తించిరి. పందెపు కాలమున భేదము లేదు. పిదప కండరముల నష్టమును సూచించు రక్తపరీక్షలలోను భేదము లేదు.

“కండరము కదలక నిలుచును, కావున నలసట తగ్గును” అను వాదము మిగిలినది. ఇందు మొదటి సగము నిజమే. 2017లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున అజిత్ చౌధరి ప్రభృతులు పరుగు యంత్రముపై పరీక్షించి, బిగుతు లాగులు కండరముల యదురును తగ్గించుట నిజమని కనుగొనిరి. కాని యదురు తగ్గినంత మాత్రమున నలసట తగ్గలేదు. పరుగు ముగిసిన పిమ్మట కాళ్ల బలము, ఎగురు సత్తువ రెండు పక్షములను ఒకే తీరున నుండెను. ఈ పరీక్షకు ధనసహాయము చేసినది నైకీ కంపెనీయే యని తెలిసినపుడు మాకు కొంత యాశ్చర్యము కలిగినది. తన సరకునకు ప్రతికూలమైన ఫలితమునకు సొమ్మిచ్చిన వర్తకుని ఆ మేరకు మెచ్చుకొనవలసినదే.

పరుగు ముగిసిన తరువాతి సంగతి వేరు. ఇచట మేజోళ్ల పక్షమున చెప్పదగినది కొంత కలదు. దానిని దాచుట న్యాయము కాదు. 2014లో బ్రిటిషు క్రీడావైద్య పత్రికలో పన్నెండు పరిశోధనలను కూడి చూచినవారు, కఠినవ్యాయామము తరువాత బిగుతు బట్టలు తొడిగినవారికి మరునాటి కండరముల నొప్పి ఒక మాదిరిగా తగ్గెననియు, సత్తువ కొంత త్వరగా మరలెననియు వ్రాసిరి. ఆస్ట్రేలియాలో 33 గురు మారథాను ముగిసినవెంటనే 48 గంటలపాటు, కొందరు నిజమైన బిగుతు మేజోళ్లు, కొందరు ఒత్తిడిలేని పోలిక మేజోళ్లు తొడిగిరి. రెండు వారముల తరువాత పరుగు యంత్రముపై నిలువగల కాలము మొదటివారికి నూటికి 2.6 పాళ్లు హెచ్చెను; రెండవవారికి 3.4 పాళ్లు తగ్గెను. 2015లో ప్రకటింపబడిన ఈ ఫలితము చిన్నదైనను త్రోసివేయరానిది. అయితే 2022లో పందొమ్మిది పరిశోధనలను, వానిలోని 350 మందిని కూడి మరల లెక్కించినవారు, కండరముల బలము మరలివచ్చుటలో నీ బట్టల తోడ్పాటు కానరాదని తేల్చిరి. మాకు తోచిన సమన్వయ మిది: తొడిగినవారికి నొప్పి తక్కువగా తోచును, బలము మాత్రము తన కాలమున తాను వచ్చును. నొప్పి తక్కువగా తోచుటయు చిన్న మేలు కాదు. పందెము మరునాడు మెట్లు దిగిన యనుభవము గలవారి నడిగిన చెప్పుదురు.

ఈ పరీక్షలన్నిటను తొలగని చిక్కొకటి కలదు. మాత్ర మందును పరీక్షించునపుడు ఒకనికి మందును, ఒకనికి పిండిమాత్రను ఇచ్చి యెవరికేది యిచ్చినది తెలియకుండ జేయవచ్చును. కాలిని బిగించు బట్టను కాలునకు తెలియకుండ నెట్లు తొడుగుదుము? తొడిగినవానికి తాను తొడిగినట్లు తెలియును. తెలిసినవెంటనే మేలు కోరు మనసు మేలు చూచును. పైన చెప్పిన ఇండియానా పరీక్షలోనే, తొడుగులు మేలు చేయునని ముందుగా నమ్మినవారియందు కొంత మెరుగు గానవచ్చెనట.

“నమ్మకము వలననైనను మేలు కలుగుచున్నదిగదా, మీకేల యీర్ష్య?” యని కొందరడుగవచ్చును. మాకు నమ్మకముతో తగవు లేదు. తాయెత్తు కట్టుకొని కుస్తీకి దిగిన మల్లుని మన తాలింఖానాలలో నెవరును నవ్వలేదు. కాని తాయెత్తు నిచ్చినవాడు దానికి శాస్త్రపు పేరు పెట్టలేదు. బీదవాని నెలజీతములో నాల్గవవంతు గుంజలేదు. నమ్మకమునకు వెల కట్టి, దానిపై పరిశోధనాలయపు ముద్ర వేసి యమ్మునప్పుడే మా యాక్షేపణ.

ఈ నమ్మకము వ్యాపించిన తీరును గమనింపదగినది. 2000–01 ఆటకాలమున అమెరికా బాస్కెట్‌బాల్ వీరుడైన అలెన్ ఐవర్సన్ మోచేతి వాపునకై చేతికి బిగుతు తొడుగు తొడిగెను. వాపు వచ్చినవాడు తొడిగినది. వాపు లేని వేలకొలది పిల్లలు తరువాత దానిని తొడిగిరి. వీరుని బలమునకు కారణము వాని తొడుగని లోకము భ్రమించుట క్రొత్త కాదు. 1960లో రోము నగరమున ఇతియోపియా వీరుడు అబెబె బికిలా వట్టికాళ్లతో మారథానును 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో ముగించెను. 1964లో టోకియోలో పాదరక్షలు తొడిగి 2 గంటల 12 నిమిషముల 11 సెకండ్లలో ముగించెను. రెండును నాటికి ప్రపంచమున లేని వేగములే. మొదటి దానిని జూచి వట్టికాళ్లే మహిమయని చెప్పదగునా? రెండవదానిని జూచి జోళ్లే మహిమ యని చెప్పదగునా?

వ్యాపారమున నతిశయోక్తి యెంత దూరము పోవునో తెలిపెడు నుదాహరణ మొకటి. రాగి కలిపిన బిగుతు బట్టలు కీళ్లనొప్పులను సైతము పోగొట్టునని ప్రకటించిన టామీ కాపర్ అను నమెరికా కంపెనీపై అచటి ప్రభుత్వ వాణిజ్యసంఘము అభియోగము తేగా, 2015లో ఆ కంపెనీ 13 లక్షల 50 వేల డాలర్లు చెల్లించి రాజీపడినది. మనదేశమునను 2019 నాటి వినియోగదారుల చట్టము ననుసరించి యేర్పడిన కేంద్రాధికారసంస్థకు తప్పుడు ప్రకటనలపై పదిలక్షల రూపాయలవరకు జరిమానా విధింపగల యధికారము కలదు. క్రీడాసామగ్రి ప్రకటనల వైపు ఆ సంస్థవారు తమ దృష్టిని త్రిప్పుట మంచిది. మరి యేమియు చేయలేకున్నను, ప్రతి జతపైనను అది చీలమండ యొద్ద నెన్ని మిల్లీమీటర్ల ఒత్తిడి కలిగించునో అచ్చువేయవలెనని నిర్బంధింపవచ్చును. అంగళ్లలో దొరకు క్రీడాదుస్తుల యొత్తిడి ఒక కంపెనీకి నొక కంపెనీకిని, ఒకే కొలతలో నొక మనిషికి నొక మనిషికిని భేదించుచున్నదని పరిశోధకులు కొలిచి చెప్పియున్నారు. తూకము లేని తక్కెడతో బేరమిది.

బట్ట వలన నేనాడును వేగము రాదని మేము చెప్పము. వచ్చిన చోట అది దాగదు. 2008లో ఈతకాండ్రకై వెలువడిన పాలియురిథేను తొడుగులు దేహమును నున్నగా నొక్కి, నీటిపై తేల్చి యెంతటి వేగమిచ్చె ననగా, 2009లో రోము నగరమున జరిగిన ప్రపంచపు పోటీలలో 43 ప్రపంచరికార్డులు బద్దలయ్యెను. వెంటనే 2010 జనవరి 1వ తేదీనుండి వానిని నిషేధింపవలసివచ్చినది. బిగుతు మేజోళ్లను పరుగు పందెములలో నింతవరకు నెవరును నిషేధింపలేదు. నిషేధింపుమని యోడినవారును కోరలేదు. అంతకంటె నేమి చెప్పవలయును?

ఇక వీనివలన నిజమైన యుపయోగములు. ప్రకటనలు వీనినే తక్కువగ చెప్పును. తొడలొరసి తోలు లేచిపోవు బాధ బిగుతు లాగుల వలన నిశ్చయముగ తగ్గును. దూరపు పరుగువారి కిది పెద్ద యుపశమనము. మన మల్లులు లంగోటా బిగించినదియు, హమాలీలు నడుమునకు తువాలు బిగించినదియు ఇట్టి సుఖమునకే గదా. కబడ్డీలో నేలపై పడి జారువారికి మోకాళ్లు, తొడలు గీచుకొనిపోకుండ నొక పొర అడ్డు. అన్నిటికంటె ముఖ్యముగ మన యాడుబిడ్డలకు. పొట్టి నిక్కరు క్రింద కాలినిండ బిగుతు లాగు తొడిగిన పిల్ల గట్టు మీది చూపులకు జంకక పరువెత్తుచున్నదని మేము కన్నులార చూచుచున్నాము. ఆ ధైర్యమును సెకండ్లలో కొలిచినచో నెన్ని వచ్చునో కాని, మానిపించిన పరుగుకంటె సాగిన పరుగు మేలు. స్త్రీలకు వక్షస్థలమున కాధారమిచ్చు క్రీడాకంచుకము సంగతి పూర్తిగా వేరు. అది యలంకారము కాదు, అవసరము. దానిని మేజోళ్లతో కలిపి విలాసవస్తువని తీసివేయు తండ్రులు పొరబడుచున్నారు.

మన యెండల మాట మరువరాదు. ఈ పరిశోధనలలో పెక్కు చల్లని గదులలోనో, చల్లని దేశములలోనో జరిగినవి. చర్మము నంటిపట్టిన బట్ట క్రింద చర్మపు వేడి హెచ్చును. ఏప్రిలు నెలలో రామగుండముననో, రెంటచింతలలోనో దేహమంతయు నైలానులో బిగించి పరుగెత్తుట తెలివి కాదు. చెమట తడిసిన బిగుతు బట్టను విప్పక యింటి పనులు చేసికొనువారికి తామర పట్టుట సామాన్యము; ఆ తామర యీ మధ్య మొండికెత్తి మందులకు లొంగుట లేదని చర్మవైద్యులు మొరపెట్టుచున్నారు. మధుమేహము ముదిరి పాదములు తిమ్మిరెక్కినవారును, ధమనులు సన్నగిలి నడచినపుడు పిక్క పట్టివేయువారును వైద్యుని యడుగక వీనిని తొడుగనే కూడదు. ఒక్క కాలే వాచి, నొచ్చి, వేడిగానున్నచో మేజోడు కొనుటకు కాదు, ఆసుపత్రికి పోవలయును.

కొనగలవారు కొనవచ్చును. మేము కొనవద్దనుట లేదు. కొనువారు బరువును, పొడవును జూచి కాక, పిక్క చుట్టుకొలతను, చీలమండ చుట్టుకొలతను టేపుతో కొలిచి కొనవలెను. వ్రేళ్లు తిమ్మిరెక్కినను, నీలిబారినను వెంటనే విప్పవలెను. పరుగునందు కాక, పరుగు ముగిసిన పిదప కొన్నిగంటలు తొడుగుటయే పరిశోధనల కనుగుణము. పరీక్షనాడు క్రొత్త జతను మొదటిమారు తొడుగుట యెంతమాత్రము తగదు. తనకు మేలో కాదో తెలిసికొనగోరువాడు ఒకవారము తొడిగి, ఒకవారము విడిచి, రెండునెలలు గడియారము ముందర పెట్టుకొని వ్రాసికొనినచో నితరుల మాటతో పనిలేదు.

ఆ పఠనాలయపు యువకునికి మేము చెప్పిన దింతే. అతని జోళ్లను చూచితిమి. ఎడమకాలి మడమ లోనివైపునకు పూర్తిగా నరిగి యున్నది. రెండువేల నాలుగువందలలో పదునెనిమిదివందలు పెట్టి పాదమునకు సరిపడు జోళ్లు కొనుమంటిమి. మిగిలినది గ్రుడ్లకు, పాలకు కేటాయింపుమంటిమి. వారమునకు రెండుదినములు వేగముగా నాల్గువందల మీటర్ల తునకలు, నడుమ నడుమ నెమ్మది పరుగులు, రాత్రి యెనిమిదిగంటల నిద్ర. రాత్రి పదకొండు దాటినను సెల్‌ఫోను విడువడని వాని తల్లి మాతో చెప్పియున్నది. ఆ సంగతి మే మెత్తగనే అతడు తలవంచుకొని, “అది మాత్రము కష్టమండీ” యనెను.